ఎలియట్ స్మిత్: ఎవరీయన? ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రిబండి
నిన్న రాత్రి ‘గుడ్ విల్ హంటింగ్’ సినిమా చూశాను. కథ సంగతి అలా ఉంచితే, మధ్యమధ్యలో వచ్చే ఒక గొంతు నన్ను పట్టుకుని వదలడం లేదు. చెవి దగ్గరికొచ్చి రహస్యం చెప్తున్నట్టు పాడతాడు. పేరు వెతికితే ఎలియట్ స్మిత్ అని తెలిసింది. 34 ఏళ్లకే పోయాడని చదివి మనసు అదోలా అయిపోయింది. ఆయన గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. రాక్ సంగీతం నేను పెద్దగా వినలేదు. ఇండీ రాక్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. మొదటినుంచీ చెప్పినా ఓపిగ్గా చదువుకుంటాను.

నేలమాళిగ
ఈ పేరు ఇక్కడ ఎవరో ఒకరు ఎత్తకపోతారా అని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. పొడుగ్గానే రాస్తాను.

ముందు ఇండీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. పెద్ద రికార్డు కంపెనీల డబ్బూ పెత్తనమూ లేకుండా, చిన్న చిన్న లేబుళ్ల ద్వారా పాటలు బయటికి తెచ్చుకోవడం. పోనుపోను అదే ఒక ధోరణికి పేరైపోయింది.

అసలు పేరు స్టీవెన్ పాల్ స్మిత్. 1969 ఆగస్టు 6న అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే అమ్మానాన్నా విడిపోయారు. తల్లితో టెక్సస్‌లో, డల్లస్ దగ్గర పెరిగాడు. ఆ ఇంట్లో సవతి తండ్రితో పడలేదు. ఆ రోజుల నీడ పాటల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. 14 ఏళ్లప్పుడు ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లిపోయాడు. తండ్రి సైకియాట్రిస్టు. ఎలియట్ అనే పేరు తర్వాత తనే పెట్టుకున్నాడు.

మసాచుసెట్స్‌లో హాంప్‌షైర్ కాలేజీలో ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్ చదివి 1991లో డిగ్రీ తీసుకున్నాడు. నీల్ గస్ట్ పరిచయమైంది అక్కడే. ఇద్దరూ పోర్ట్‌లాండ్ వచ్చి హీట్‌మైజర్ అనే బ్యాండ్ పెట్టారు. చేతిలో ఫిలాసఫీ డిగ్రీ ఉంది, చేసేది బేకరీలో పని, రాత్రిళ్లు బ్యాండు. హీట్‌మైజర్ పాటలు వింటే మీరు ఆశ్చర్యపోతారు. గట్టిగా అరిచి పాడే రాక్ అది. మీరు విన్న ఆ గుసగుస గొంతు ఇదేనా అనిపిస్తుంది.

ఆ గుసగుస పుట్టింది ఒక ఇంటి కింది గదిలో. అప్పటి స్నేహితురాలి ఇంటి బేస్‌మెంట్‌లో, అరువు తెచ్చుకున్న నాలుగు ట్రాకుల రికార్డరు (నాలుగు చప్పుళ్లని విడివిడిగా రికార్డు చేసి కలపగలిగేది) పెట్టుకుని ఒక్కడే కొన్ని పాటలు చేసుకున్నాడు. వాటిని ఆల్బమ్‌గా తేవాలని అనుకోలేదు. క్యావిటీ సెర్చ్ అనే చిన్న లేబుల్ వాళ్లు విని, ఒకటీ రెండూ కాదు, మొత్తం వేస్తామన్నారు. అదే 1994లో వచ్చిన ‘రోమన్ క్యాండిల్’. మొత్తం తొమ్మిది పాటలు, అరగంట. వాటిలో నాలుగింటికి పేర్లే లేవు. ‘నో నేమ్’ అని నంబర్లు వేశాడంతే. మీరు చూసిన సినిమాలో అందులోని నంబర్ 3 కూడా ఉంది.

తర్వాత కిల్ రాక్ స్టార్స్ లేబుల్‌లో రెండు: 1995లో తన పేరుతోనే ఒకటి, 1997లో ‘ఐదర్/ఆర్’. ఈ రెండో దాని పేరు డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ పుస్తకం నుంచి తీసుకున్నాడు. చదివిన ఫిలాసఫీ అక్కడ బయటపడింది. మీరు మొదలుపెట్టాల్సింది దీనితోనే అని నా మాట. మిగతావి తర్వాత రాస్తాను.

తంత్రి
నేలమాళిగ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ‘రోమన్ క్యాండిల్’ వింటుంటే తీగల మీద వేళ్లు జారిన కీచుమనే చప్పుడు బాగా వినిపిస్తుంది. మైకుకి అంత దగ్గరగా కూర్చుని వాయించాడు. 2010లో దాన్ని మళ్లీ మాస్టర్ చేసినప్పుడు, అంటే విడుదలకి ముందు శబ్దాన్ని చివరిగా సరిచేసే పని మళ్లీ చేసినప్పుడు, ఆ కీచుల్ని కొంత తగ్గించారు. నాకైతే పాతదే ఇష్టం. ఆ చప్పుడులోనే గది కనిపిస్తుంది.

ముసురు
నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశానండీ. పాటలు బాగాలేవని కాదు. విన్నాక రోజంతా గుండె బరువుగా ఉంటోంది. తాగుడు, ఒంటరితనం, మనుషులు చెయ్యివ్వడం, ఎక్కడ చూసినా ఇవే. ఆయన చివరికి ఎలా పోయాడో తెలిశాక అసలు వినబుద్ధి కాలేదు. ప్రతి లైనూ ముందే చెప్పి పెట్టినట్టు అనిపిస్తుంది. మీరందరూ ఎలా వింటున్నారో నిజంగా తెలుసుకోవాలనుంది.

పాత కేసెట్
ముసురు గారూ, మీ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉందో లేదో తెలియదు కానీ, ముందు ఆస్కార్ రాత్రి సంగతి చెప్తాను. రాత్రిబండి గారికీ పనికొస్తుంది.

ఆ సినిమా తీసిన గస్ వాన్ శాంట్ కూడా అప్పట్లో పోర్ట్‌లాండ్‌లోనే ఉండేవాడు. ఎలియట్ పాత పాటలు కొన్ని తీసుకుని, చివర్లో టైటిల్స్ మీద వేయడానికి ‘మిస్ మిజరీ’ అనే పాట పెట్టుకున్నాడు. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అప్పటిదాకా చిన్న క్లబ్బుల్లో పాడినవాడు 1998 మార్చి 23న లాస్ ఏంజెలెస్‌లో, ప్రపంచమంతా టీవీల్లో చూస్తుండగా తెల్ల సూటులో నిలబడ్డాడు. కూర్చుని పాడటం అలవాటు. కుర్చీ అడిగితే కుదరదన్నారు. మీరు పాడకపోతే ఇంకొకరితో పాడిస్తామని కూడా అన్నారట. పాటని రెండు నిమిషాలకి కుదించారు. వెనకాల ఆర్కెస్ట్రా. అంత పెద్ద వేదిక మీద గిటారు పట్టుకుని ఒక్కడే.

ఆ వీడియో చూడండి. నేను చాలాసార్లు చూశాను. ముఖంలో కంగారు తెలుస్తుంది. గొంతు మాత్రం ఒక్కచోట కూడా వణకదు, శ్రుతి తప్పదు. పాటయ్యాక మిగతా గాయకులతో కలిసి చేతులు పట్టుకుని వంగి దణ్ణం పెట్టాడు.

అవార్డు ‘టైటానిక్’ పాటకి వెళ్లింది. ఆ రాత్రి ఆ సినిమాకి 11 ఆస్కార్లు వచ్చాయి. ఇంకెవరికి ఇస్తారు? నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. ఆ ‘టైటానిక్’ పాట పాడిన సెలీన్ డియోన్‌ని వెక్కిరిస్తే ఎలియట్ నవ్వుతాడని చాలామంది అనుకున్నారు. ఆవిడ తెర వెనక తన దగ్గరికొచ్చి ఎంతో ఆప్యాయంగా మాట్లాడిందని, అలాంటి మనిషిని ఎగతాళి చేయొద్దని ఆయన అందరికీ చెప్పేవాడు.

ఆరో తీగ
‘మిస్ మిజరీ’కి ఆస్కార్ వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. సరిదిద్దినందుకు థాంక్స్ పాత కేసెట్ గారూ.

ముసురు గారూ, నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కింద ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ రోజుల్లో ఎవరైనా ‘అంతా మంచే జరుగుతుంది’ అంటే ఒళ్లు మండేది. ఈయన పాటలు మాత్రం వినగలిగాను. ఓదార్చడు, ధైర్యం చెప్పడు. పక్కన కూర్చుంటాడు, అంతే. నాకు బరువు పెరగలేదు, తగ్గింది. అందరికీ అలాగే ఉండాలని లేదు. మీకు పడకపోతే వదిలేయడంలో తప్పేమీ లేదు.

తంత్రి
ముసురు గారి మాట రాత్రంతా ఆలోచించాను. నా సమాధానం ఆయన పనితనం వైపు నుంచి ఉంటుంది. కాస్త వివరంగా రాయనివ్వండి.

రాత్రిబండి గారు ‘చెవిలో రహస్యం’ అన్నారు చూడండి, అక్కడ వినిపించేది ఒక గొంతు కాదు. రెండు. ఒకే పాటని రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పెట్టడాన్ని డబుల్ ట్రాకింగ్ అంటారు. బీటిల్స్ కూడా చేశారు. ఎలియట్‌కి వాళ్లంటే ప్రాణం. ఆయన ఎక్కువగా చాలా మెల్లగా పాడి చేశాడు, కష్టమంతా అక్కడే ఉంది.

ఎంత కష్టమో తెలుసుకుందామని నేను ఫోన్లో ప్రయత్నించాను. ఒక పల్లవి పాడి రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్‌లో అది వింటూ మళ్లీ పాడాను. రెండూ కలిపి వింటే ‘స’, ‘చ’, ‘త’ ఉన్న ప్రతిచోటా టపటపమని రెండు చప్పుళ్లు. మాట మొదలు కలిస్తే చివర కలవలేదు. దీర్ఘం ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. గట్టిగా పాడితే ఆ తేడాలు కొంతైనా కొట్టుకుపోతాయి. మెల్లగా పాడితే దాక్కోవడానికి చోటే లేదు. ఒక్క పల్లవికి రెండు గంటలు పట్టింది. అయినా రాలేదు.

ఆయన మాట విరుపు, ఊపిరి, చివర్న గొంతు జారే తీరు, అన్నీ రెండోసారి కూడా అచ్చం అలాగే పాడాడు. ఒకదాని నీడలా ఇంకొకటి నడుస్తుంది. అందుకే అంత దగ్గరగానూ ఉంటుంది, ఎక్కడో అందనట్టూ ఉంటుంది. ‘ఎక్స్‌ఓ’ ఆల్బమ్ చివరి పాట వినండి. ఒక్క వాయిద్యం లేదు. పరుచుకున్న గొంతులన్నీ ఆయనవే.

బాధలో మునిగిపోయిన మనిషి ఏదో మూలుగుతున్నాడని అనుకుంటే మనం ఈ పనంతా వదిలేసినట్టే. బాధలో ఉండొచ్చు. కానీ రికార్డు చేసే గంటల్లో అతను వడ్రంగిలా పని చేస్తున్నాడు.

రాత్రిబండి
తంత్రి గారూ, ఇది చదివి వెంటనే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఊపిరి! ఒకచోట ఊపిరి రెండుసార్లు వినిపిస్తోంది, ఒకదాని వెనకే ఇంకొకటి. ఇన్నిసార్లు విన్నా పట్టుకోలేదు. ‘ఐదర్/ఆర్’లో ఉన్న ‘బిట్వీన్ ద బార్స్’ పాట గురించి కూడా ఎవరైనా చెప్పండి. మాటలు అర్థమవుతున్నాయి గానీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కావడం లేదు.

నేలమాళిగ
దాన్ని ఎక్కువమంది అర్థం చేసుకునే తీరు ఇది: మాట్లాడేది మద్యం. తాగేవాడిని బుజ్జగిస్తోంది, నేనున్నాను కదా అని. ప్రేమపాట అనుకుని వింటూ ఉంటాం, ఎవరు పాడుతున్నారో తట్టగానే చలి పుడుతుంది. పేరులో బార్స్ అంటే తాగే చోట్లూ అవుతాయి, జైలు ఊచలూ అవుతాయి, సంగీతంలో కొలతలూ అవుతాయి. ఇంత పని రెండున్నర నిమిషాల లోపు. నడక గమనించండి, అది మూడు లెక్కల నడక, మన తిశ్రం లాంటిది. ఊయల ఊపినట్టు ఉంటుంది. మాటలు భయపెడుతుంటే తాళం జోకొడుతుంది.

ఇప్పుడు మిగిలిన కథ. ఆస్కార్ తర్వాత స్పీల్‌బర్గ్ వాళ్ల డ్రీమ్‌వర్క్స్ లేబుల్‌లో 1998లో ‘ఎక్స్‌ఓ’, 2000లో ‘ఫిగర్ 8’ వచ్చాయి. పియానో, తీగ వాయిద్యాలు, డ్రమ్స్, అన్నీ వచ్చి చేరాయి. వాటిలో చాలామటుకు ఆయనే వాయించాడు. ‘ఫిగర్ 8’లో కొంత భాగం లండన్‌లో, బీటిల్స్ పాటలు రికార్డు చేసిన అబీ రోడ్ స్టూడియోలోనే రికార్డు చేశాడు. బీటిల్స్‌ని ప్రేమించినవాడికి అంతకన్నా ఏం కావాలి!

అంత పేరొచ్చినా ‘ఎక్స్‌ఓ’ అమెరికాలో ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 104వ స్థానం దాటలేదు. ‘ఫిగర్ 8’ 99 దాకా వెళ్లింది. అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, ఆస్కార్‌తో స్టార్ అయిపోయాడని చాలామంది రాస్తారు. అవలేదు. ప్రాణం పెట్టి వినే మనుషులు పెరిగారు.

తర్వాతి రెండు మూడేళ్లు బాగోలేదు. డిప్రెషన్, తాగుడు, డ్రగ్స్. కొన్ని కచేరీల్లో తన పాటల మాటలే మర్చిపోయి ఆగిపోయాడు. దీని గురించి ఇంతకన్నా రాయడం నాకిష్టం లేదు.

ముసురు
‘ఫ్రమ్ ఎ బేస్‌మెంట్ ఆన్ ద హిల్’ సంగతి ఏమంటారు? ఆయన పోయాక వచ్చిన ఆ ఆల్బమ్‌ని వీడ్కోలు ఉత్తరం అని రాసినవి చదివాను. నేను వినడం మానేసింది అక్కడే.

పాత కేసెట్
ఈ మాట దగ్గర నాకు చాలా కోపం వస్తుంది. మీ మీద కాదండీ, అలా రాసేవాళ్ల మీద.

2003 అక్టోబరు 21న లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. అది ఆత్మహత్యా, ఇంకేమైనానా అన్నది అక్కడి కరోనర్ ఆఫీసు (చావుకి కారణం తేల్చే ప్రభుత్వ కార్యాలయం) తేల్చలేదు. అధికారికంగా తేలనిదాన్ని మనం ఇక్కడ తేల్చక్కర్లేదు. ఆ చర్చ మొదలుపెట్టొద్దని అందరినీ కోరుతున్నాను.

ఆల్బమ్ విషయం మాత్రం తేల్చొచ్చు. ఆ పాటల మీద ఆయన ఏళ్ల తరబడి పని చేశాడు. మొదట ఒక నిర్మాతతో మొదలుపెట్టి ఆపేశాడు, ఇంకొకరితో మళ్లీ మొదలుపెట్టాడు, సొంతంగా ఒక స్టూడియో పెట్టుకున్నాడు. రెండు డిస్కుల ఆల్బమ్ చేయాలన్న ఆలోచన కూడా ఉండేది. పూర్తి కాకుండానే పోయాడు. తర్వాత కుటుంబం కోరితే పాత నిర్మాత రాబ్ ష్నాఫ్, స్నేహితురాలు జోఆనా బోల్మ్ కలిసి మిక్స్ చేసి, 15 పాటలు ఎంచి, 2004 అక్టోబరు 19న బయటికి తెచ్చారు. ఏ పాటలు ఉండాలి, ఏది ముందు, ఏది చివర అన్న నిర్ణయం ఆయనది కాదు. వేరేవాళ్లు పేజీలు ఏర్చి కూర్చినదాన్ని ఆయన రాసిన ఉత్తరం అంటే ఎలా? పైగా అందులో ఒక పాట ఆయన ఉండగానే, 2003లో, సింగిల్‌గా వచ్చింది. 34వ పుట్టినరోజు తర్వాత మద్యం మానేశాడు కూడా. ఆ నెలల్లో బతకడానికి ప్రయత్నిస్తున్న మనిషిని, చేస్తున్న పనిని, ఒక్క తేదీ కింద కప్పెట్టేస్తే అన్యాయం కదా.

తంత్రి
దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. 2007లో ‘న్యూ మూన్’ అని 24 పాటలు రెండు డిస్కులుగా వచ్చాయి, ఎక్కువగా 1994 నుంచి 1997 మధ్య చేసినవి. అందులో ‘మిస్ మిజరీ’ తొలి రూపం ఉంది. ట్యూన్ అదే, మాటలు చాలావరకు వేరు. అంటే రాసినదాన్ని కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. గుండెలోంచి నేరుగా కారిపోయిన డైరీ అయితే కొట్టివేతలు ఎందుకుంటాయి? తన పాటల్ని స్వీయచరిత్రలా చదవడం ఆయనకీ నచ్చేది కాదు.

ఆ ఆల్బమ్ డబ్బులో కొంత భాగం పోర్ట్‌లాండ్‌లో ఇల్లు లేని పిల్లల కోసం పనిచేసే అవుట్‌సైడ్ ఇన్ అనే సంస్థకి వెళ్లింది.

ముసురు
కొట్టివేతల మాట బాగా తగిలింది. అది నేను ఆలోచించలేదు.

దూరపు చుక్క
నేను లాస్ ఏంజెలెస్‌లో ఉంటాను. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. ‘ఫిగర్ 8’ అట్ట మీద ఎలియట్ వెనక ఎరుపు, నలుపు, తెలుపు చారల గోడ ఉంటుంది కదా, అది సన్‌సెట్ బూలవార్డ్‌లో స్పీకర్లు రిపేరు చేసే షాపు గోడ. ఆయన పోయిన వార్త తెలియగానే అభిమానులు అక్కడికే వెళ్లి పూలు, కొవ్వొత్తులు, రాతలు పెట్టారు. అలా అది స్మారకం అయిపోయింది. తర్వాత ఆ షాపు పోయింది. ఆ చోటులోకి వేరే వ్యాపారం వచ్చి, గోడలో కొంత భాగం కోసి తలుపులు, కిటికీలు పెట్టారు. నేను వెళ్లేసరికి మిగిలింది చారల్లో కొంత భాగమే. దగ్గరికెళ్తే పెయింటు మీద పెన్నుతో, మార్కర్‌తో రాసిన చిన్న చిన్న రాతలు. ఒకదాని మీద ఇంకొకటి, కింద ఉన్నది సగమే చదవగలం. పైన కొత్త పెయింటు, దాని మీద మళ్లీ రాతలు. ఎక్కువమంది రాసింది ‘థాంక్యూ’ అనే. ఆ మాట మీదే చాలాసేపు నిలబడిపోయాను. బస్సు వెళ్లిపోయింది, ఇంకోటి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

ఆరో తీగ
దూరపు చుక్క గారూ, రాసినందుకు చాలా థాంక్స్. ఇంకా రాయండి.

ఆయన ప్రభావం ఎంత దూరం వెళ్లిందో కూడా చెప్పుకోవాలి. అమెరికా గాయని ఫీబీ బ్రిడ్జర్స్ 2020లో తెచ్చిన ‘పనిషర్’ ఆల్బమ్‌లో అదే పేరున్న పాట ఎలియట్ గురించే. ఆయన పోయినప్పుడు ఆ అమ్మాయి చిన్నపిల్ల. ఆర్ అండ్ బీ గాయకుడు ఫ్రాంక్ ఓషన్ 2016 ఆల్బమ్ ‘బ్లాండ్’లో ఎలియట్ పాటలోని ఒక ముక్క వినిపిస్తుంది. గిటారు రాక్‌తో సంబంధం లేని వినేవాళ్లకి కూడా ఆ మాటలు అలా చేరిపోయాయి.

నేలమాళిగ
పోర్ట్‌లాండ్‌లో లారీ క్రేన్ అనే రికార్డింగ్ ఇంజనీరు 1997లో జాక్‌పాట్ అనే స్టూడియో పెట్టినప్పుడు దాన్ని సిద్ధం చేయడంలో ఎలియట్ కూడా ఒక చెయ్యి వేశాడు. ఎలియట్ పోయాక ఆయన రికార్డు చేసిన టేపులన్నీ వెతికి, విని, సర్ది పెట్టింది ఆ క్రేనే. ‘న్యూ మూన్’ అలా బయటికొచ్చింది. తంత్రి గారు చెప్పిన 2010 మాస్టరింగ్ కూడా క్రేన్ పనే. కలిసి పని చేసుకున్న స్నేహితుడి చేతికే ఆ టేపులు చేరాయని తెలిసినప్పుడు నాకు చాలా తృప్తి అనిపించింది.

రాత్రిబండి
ఒక ప్రశ్న అడిగితే ఇంత చెప్పారు. ‘ఐదర్/ఆర్’ మూడుసార్లు విన్నాను. తర్వాత ఏది?

తంత్రి
‘ఎక్స్‌ఓ’లో ‘వాల్ట్జ్ నంబర్ 2’. ఇదీ మూడు లెక్కల నడకే, కానీ జోల కాదు, నిలదీస్తుంది. డ్రమ్స్‌తో మొదలవుతుంది. ఒక కరావోకే బార్లో ఒకామె పాడుతుంటుంది, కథ చెప్పేవాడు చూస్తుంటాడు. ఎలియట్ వాళ్లమ్మ గురించి అని చాలామంది అంటారు. అది తెలియకుండా విన్నా ఫర్వాలేదు. మొదటిసారి మాటలు పట్టించుకోకండి. ఒకటి, రెండు, మూడు అని వేళ్లతో లెక్కపెడుతూ వినండి. పియానో ఎక్కడ వచ్చి చేరుతుందో చూడండి.

ముసురు
నేనూ ఇదే వింటాను ఈ రాత్రి. పగలు కాకుండా రాత్రి విందామనుకోవడం మంచిదో కాదో తెలియదు గానీ, వింటాను.

ఆరో తీగ
బరువుగా అనిపిస్తే ఆపేయండి ముసురు గారూ. ఇక్కడికొచ్చి రాయండి, ఎవరో ఒకరం ఉంటాం.

రాత్రిబండి
విన్నాను. బల్ల మీద వేళ్లతో లెక్కపెడుతూనే కూర్చున్నాను. పియానో వచ్చింది, పట్టుకున్నాను. తర్వాత ఆ గొంతు, రెండు గొంతులు, ఒక మాట దగ్గర పైకి వెళ్లాయి. అక్కడ లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను. మళ్లీ అక్కడే తప్పింది.

ముసురు
నాకూ అక్కడే.